రాత్రివేళ వీధిలో బండి: కాలనీ సంఘమునకు గల అధికారమెంత?

(మన సంఘపు మాసిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద సాధారణముగా సాహిత్యము, సంగీతము, నాటకము మొదలగు విషయములను గురించి ప్రసంగములు జరుగుచుండును. ఈ సాయంకాలము నేను ఎన్నుకొనిన విషయము అంత రమణీయమైనది కాదు. రాత్రివేళ మన కాలనీల వీధులలో కార్లు నిలుపుట, దానిని గురించి నివాసుల సంక్షేమ సంఘములు చేయు నియమములు, వానిని అమలు జరుపు విధానము, ఇదియే నా విషయము. సాంస్కృతిక సంఘమునకు దీనితో ఏమి సంబంధమని కొందరికి తోచవచ్చును. కాని మనలో పెక్కుమంది ఏదో యొక కాలనీ సంఘమునకు కార్యదర్శులుగనో కోశాధికారులుగనో ఉన్నారు. సెక్రటేరియటులో ఫైళ్ళు చూచువాడు గదా, ఉత్తరములు చక్కగా వ్రాయగలడని పొరుగువారు ఆ భారము మనపై నుంచుదురు. ఆ పదవిలో నున్నవానికి దీపావళి విరాళముకన్న, నీళ్ళ టాంకు మరమ్మతుకన్న ఎక్కువ నిద్ర చెరచునది ఈ కార్ల సమస్యయే.

ముందుగా ఈ ఇరుకు ఎట్లు వచ్చినదో చూతము. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ 1957లో ఏర్పడినది. అంతకు ముందును, తరువాత చాలకాలము వరకును ఈ నగరమున కట్టిన కాలనీలలో వీధులను కొలిచినవారు నడచువానిని, సైకిలు త్రొక్కువానిని, ఎప్పుడైన వచ్చు టాక్సీని మాత్రమే దృష్టియం దుంచుకొనిరి. గుమాస్తా సైకిలుపై ఆఫీసునకు పోవు దినము లవి. స్కూటరు కావలెనన్న పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి కాచుకొనవలసి యుండెడిది. 1983 డిసెంబరులో మారుతి 800 కారు వచ్చినది. 1991 తరువాత ఆర్థిక విధానము మారినది, కారు కొనుటకు బాంకులు అప్పు లిచ్చుట పెరిగినది. మధ్యతరగతి ఇంటికి కారు వచ్చి చేరినది. దానిని నిలుపుటకు చోటు మాత్రము వెంట రాలేదు.

ఇక లెక్క చూడుడు. నూరు మీటర్ల పొడవుగల యొక వీధి యున్నదనుకొందము. ఇరువైపుల పదేసి ప్లాట్లు, ఒక్కొక్క ప్లాటు ముఖము పది మీటర్లు, లోతు ఇరువది మీటర్లు. పూర్వము ప్లాటునకు ఒక ఇల్లు, అనగా వీధికి ఇరువది కుటుంబములు. ఇప్పుడు ప్లాటునకు నాలుగంతస్తులు, అంతస్తునకు ఒక కుటుంబము, మొత్తము ఎనుబది కుటుంబములు. ఇంటి కొక్క కారు చొప్పున చూచినను ఎనుబది కార్లు. గుమ్మమునకు మూడు మీటర్లు విడిచిన, ఒక్కొక్క ఇంటి ముందు మిగులు స్థలమున ఒక్క కారు మాత్రమే నిలుచును. అనగా వీధి రెండు ప్రక్కల కలిపి ఇరువది కార్లకే చోటు. కడమ అరువది కార్లు ఎచ్చట నిలువవలెను?

ఈ ప్రశ్నకు సమాధానము కట్టడముల నియమములలోనే ఉన్నది. 2007 ఫిబ్రవరిలో ప్రకటించిన ఢిల్లీ మాస్టర్ ప్లాను కారొక్కంటికి ఆరుబయట 23 చదరపు మీటర్లును, నేలమట్టమున కప్పు క్రింద 28 చదరపు మీటర్లును, బేస్‌మెంటులో 32 చదరపు మీటర్లును లెక్కించినది. ఇంటి క్రింద స్తంభములపై విడుచు స్టిల్టు భాగమును కార్ల కొరకే ఉంచినచో, దానిని కట్టడపు వైశాల్యములో లెక్కింపక సౌకర్యము కల్పించినది. మనము చెప్పుకొనిన ప్లాటులో మెట్లు, లిఫ్టు పోగా నాలుగు కార్లకు స్టిల్టులో చోటు సరిపోవును. ఇరువది ప్లాట్లకు ఎనుబది కార్లు! ఎనుబది కుటుంబములకు ఎనుబది స్థానములు, వీధితో పని లేకయే లెక్క సరిపోయినది. కాని నిజముగ జరుగుచున్న దేమి? కొందరి స్టిల్టులో పనివారి గది వెలసినది, కొందరి స్టిల్టులో ఒక ఆఫీసు, మరికొందరి స్టిల్టులో పాత సోఫాలు, పెట్టెలు. సొంతచోటును మరొక పనికి వినియోగించుకొని, కారును ప్రభుత్వపు వీధికి అప్పగించుచున్నారు. హైదరాబాదులో మనవారు సెల్లారు అని పిలుచుకొను నేల అడుగుభాగమున సైతము ఇదే కథ. కావున వీధిలో కారు నిలుపుటను గురించి నియమము చేయబోవు సంఘము మొదట చూడవలసినది వీధిని కాదు, ఇండ్ల క్రింది భాగమును.

పగటి సంగతి వేరు, రాత్రి సంగతి వేరు. పగలు సగము కార్లు ఆఫీసులకు పోయి యుండును, మిగిలినవానికి యజమానులు మేలుకొని యుందురు. రాత్రి పదకొండు గంటలకు కార్లన్నియు ఇల్లు చేరును, యజమాను లందరు నిద్రింతురు. గుండెనొప్పి గాని, విద్యుత్తు తీగలనుండి పుట్టిన మంట గాని ఆ వేళ రాదని ఎవ్వరును హామీ ఈయలేరు. మరల చిన్న లెక్క చూడుడు. వీధి వెడల్పు ఆరు మీటర్లనుకొందము. నడితరపు కారు వెడల్పు సుమారు 1.8 మీటర్లు. గోడకును కారునకును నడుమ ఇరువది సెంటీమీటర్లు విడువక తప్పదు. రెండు ప్రక్కల కార్లు నిలిపిన నాలుగు మీటర్లు పోయి రెండు మీటర్లు మాత్రమే మిగులును. మన మోటారు వాహన నిబంధనల ప్రకారము పెద్ద వాహనముల వెడల్పు 2.6 మీటర్ల వరకు ఉండవచ్చును. అంతటి అగ్నిమాపక శకటము ఆ సందులో దూరజాలదు. ఒక్క ప్రక్కనే నిలిపినచో నాలుగు మీటర్లు మిగులును, శకటము పోవును, అంబులెన్సు పోవును. ఒక వరుస కార్లకును రెండు వరుసల కార్లకును గల భేదము కొన్ని వేళల ఒక ప్రాణమునకు గల భేదమే.

నే నెరిగిన యొక కాలనీలో ఒక శీతకాలపు రాత్రి రెండు గంటలవేళ, పై అంతస్తులో నుండు వృద్ధునకు ఊపిరి ఆడక అంబులెన్సును పిలిచిరి. అది పదునైదు నిమిషములలోనే వచ్చి వీధి మలుపున ఆగిపోయినది. మలుపు దగ్గర రెండు కార్లు ఎదురెదురుగ నిలిపి యుండెను. హారను మ్రోగించిరి, తలుపులు తట్టిరి. ఒక కారెవరిదో తెలిసినది, రెండవ దెవరిదో తెలియలేదు. చివరకు వృద్ధుని స్ట్రెచరుపై పరుండబెట్టి, చలిలో, ఇద్దరు కొడుకులును, చౌకీదారును, డ్రైవరును కలసి మలుపు వరకు మోసికొని పోయిరి. ఆయన బ్రదికినాడు. మరునాడు తెలిసినది, ఆ రెండవ కారు అదే మేడలో మూడవ అంతస్తునకు వచ్చిన అతిథిదని. ఆ అతిథి దుర్మార్గుడు కాడు. ఎచ్చట నిలుపరాదో ఆయనకు ఎవ్వరును చెప్పలేదు, ఆయన ఫోను నంబరు ఎవ్వరియొద్దను లేదు. అంతే.

ఇంతకన్న ఘోరమైనవి వార్తాపత్రికలలో మనము చదువుచునే యున్నాము. 2025 ఆగస్టులో దక్షిణ ఢిల్లీలోని జంగ్‌పురా ప్రాంతమున, ఇంటి గుమ్మమునకు అడ్డముగ నిలిపిన స్కూటరు విషయమున జరిగిన తగవులో ఒక మనుష్యుని ప్రాణము పోయినది. ఇట్టి తగవులలో కొట్లాటలు, కేసులు ఈ నగరమునకు క్రొత్త కావు. ఎన్నడో ఒకనాడు బండి అడ్డము పెట్టుటకు కాదు, ఏండ్ల తరబడి కూడిన కసికి మనుష్యులు కొట్టుకొనుచున్నారు. ఆ కసి కూడకుండ చూచుటయే సంఘము చేయవలసిన అసలు పని.

ఇక అధికారపు ప్రశ్న. మన సంఘములు సాధారణముగ 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము క్రింద నమోదైనవి. ఆ చట్టము వానికి వీధిపై యాజమాన్య మీయలేదు. కాలనీలోని వీధి పురపాలక సంస్థకో, ప్రభుత్వమునకో చెందినది. ప్రమాదకరముగనో, అడ్డముగనో వాహనమును విడువరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 122వ సెక్షను చెప్పుచున్నది. పది గంటలు గాని అంతకు మించి గాని బహిరంగ స్థలమున దిక్కులేక పడియున్న వాహనమును, లేదా నిషేధింపబడినచోట నిలిపిన వాహనమును లాగుకొని పోవుటకు, చక్రమునకు బిగింపు వేయుటకు 127వ సెక్షను అధికారము కల్పించుచున్నది. కాని ఎవరికి? యూనిఫారములో నున్న పోలీసు అధికారికి. సంఘ కార్యదర్శికి కాదు, చౌకీదారుకు అంతకన్న కాదు. కొన్ని కాలనీలలో కోపముపట్టలేక టైర్లలో గాలి తీయుట, అద్దములపై జిగురు కాగితము లంటించుట, గొలుసు వేయుట జరుగుచున్నది. ఇతరుల ఆస్తికి నష్టము కలిగించుట 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షను క్రింద నేరము. నియమము అమలు చేయబోయినవాడే నేరస్థుడగును. దొంగను పట్టబోయి దొంగతనము చేసినట్లగును.

మరి సంఘమునకు ఏ పాత్రయు లేదా? కలదు. 2019 సెప్టెంబరు 2న సుప్రీం కోర్టు ఢిల్లీలోని నివాస ప్రాంతముల కాలిబాటలు నడచువారి కొరకే ఉండవలెననియు, పార్కింగు నియమములను ఆ నెలలోపల ప్రకటింపవలెననియు ఆదేశించినది. ఆ నెలలోనే ఢిల్లీ పార్కింగు స్థలముల నిర్వహణ నియమములు ప్రకటింపబడినవి. ప్రాంతము వారీగ పార్కింగు ప్రణాళికలు సిద్ధము చేయవలెననియు, అత్యవసర వాహనములకు దారి విడువవలెననియు అందు గలదు. లాజపత్ నగర్ మూడవ భాగమున ఇట్టి ప్రణాళికను ముందుగ ప్రయోగముగ చేపట్టిరి. ఈ ప్రణాళికలు చేయు అధికారము పురపాలక సంస్థదే అయినను, ఏ వీధి ఎంత వెడల్పో, ఏ ఇంట ఎన్ని కార్లో, ఏ మూల ఏ చెట్టున్నదో తెలిసినది సంఘమునకే. కావున సంఘము సలహాదారు, సాక్షి, మధ్యవర్తి. న్యాయాధిపతి మాత్రము కాదు.

ప్రహరీగోడ లోపలి సొంత రోడ్లుగల అపార్టుమెంట్ల సంగతి కొంచెము భిన్నము. అచ్చట భూమి యజమానులందరి ఉమ్మడి ఆస్తి. ఉపనిబంధనల ద్వారా సభ్యులు తమ్ముతాము కట్టుబరచుకొనవచ్చును. అచ్చట సైతము, బిల్డరు ఉమ్మడి స్థలమును, స్టిల్టును విడిగా పార్కింగు క్రింద అమ్ముకొనరాదని 2010 ఆగస్టులో సుప్రీం కోర్టు మహారాష్ట్రకు సంబంధించిన ఒక వ్యాజ్యములో తీర్పు చెప్పినది. కాగా, అధికారము ఎవరిదో తేల్చుటకు ముందు రోడ్డు ఎవరిదో తేల్చవలెను.

ఈ ప్రశ్న మనకే పరిమితము కాదు. మన పిల్లలు పలువురు నివసించుచున్న అమెరికాలో గృహ యజమానుల సంఘములు మన సంఘములకన్న చాల బలమైనవి. ఇల్లు కొనునపుడే దస్తావేజుతోపాటు సంఘపు నియమములకును కట్టుబడవలెను, జరిమానాలు సైతము కలవు. అయినను అరిజోనా రాష్ట్రమున 2014 డిసెంబరు 31 తరువాత నమోదైన పత్రములుగల సంఘములకు ప్రభుత్వము ఆధీనములోని వీధులపై నియంత్రణాధికారము లేదని శాసనము చేసిరి. 2023లో దానిని సవరించి, పాత సంఘములు సైతము 2025 జూన్ 30 లోగా సభ్యుల ఓటు తీసికొని ఆ అధికారమును నిలుపుకొనవలెను, లేనిచో వదలుకొనవలెనని విధించిరి. అంతటి బలముగల సంఘములకే బహిరంగ వీధిపై సభ్యుల సమ్మతి కావలసి వచ్చినదనుట మనము గమనింపదగినది.

జపాను దేశము మరొక మార్గము త్రొక్కినది. అచ్చట 1962లో చేసిన చట్టము ప్రకారము కారు కొనువాడు దానిని నిలుపుటకు తనకు చోటున్నదని నిరూపింపవలెను. ఆ చోటు ఇంటికి రెండు కిలోమీటర్ల లోపల ఉండవలెను. రాత్రివేళ వీధిలో ఒకేచోట ఎనిమిది గంటలు కారు నిలుపుట నిషిద్ధము. అనగా అచ్చట ప్రభుత్వము కారు కొనుటకు ముందే ప్రశ్న వేసినది. మనము కారు ఇంటికి వచ్చిన తరువాత, అర్ధరాత్రి, పొరుగువాని గుమ్మము ముందు ఆ ప్రశ్న వేసికొనుచున్నాము.

ఇందులకు మనవారు ఒక వాదము చెప్పుదురు. ఢిల్లీలో వాహనము నమోదు చేయునపుడే పార్కింగు రుసుము ఒక్కసారిగ వసూలు చేయుదురు గదా, మేము చెల్లించితిమి గదా అని. నిజమే. కాని రైలు టిక్కెట్టు కొన్నవాడు పెట్టెను కొన్నవాడు కాడు. ఆ రుసుము వీధిలో ఏ భాగమును ఎవరి పేరను వ్రాసియీయలేదు. నగరములలో భూమి విలువైనదనియు, కారు నిలుపు స్థలమునకు ఆ విలువకు తగిన రుసుము విధింపవలెననియు 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము చెప్పుచున్నది. ఇంటి ముందున్న వీధి నా వీధి అను భావము మనలో ఎంత బలపడినదో చూడవలెనన్న, సాయంకాలము ఏ కాలనీలోనికైన పొండు. పూలకుండీలు, ఇటుకలు, విరిగిన కుర్చీలు, పాత టైర్లు వీధిలో కాపలా కాయుచుండును. కారు లేనపుడు సైతము ఆ స్థలము కారుదే!

అధికారము లేని సంఘము నియమ మెట్లు అమలు చేయగలదు? ఒక కాలనీలో జరిగినది చెప్పెదను. అచ్చటి సంఘము మొదట ఒక నోటీసు అంటించినది: రాత్రి పది గంటల తరువాత వీధికి ఎడమవైపున కారు నిలిపినచో అయిదువందల రూపాయల జరిమానా. మొదటి వారమున నలుగురు అద్దెదారులు చెల్లించిరి. రెండవ వారమున ఒక యజమాని ఏ చట్టము క్రింద అని అడిగెను. మూడవ వారమున సంఘాధ్యక్షుని అల్లుని కారు ఎడమవైపుననే కనబడినది. నాలుగవ వారమునకు నోటీసు చినిగిపోయినది. కంచెయే చేను మేసిన తరువాత పశువుల నదలించు టెట్లు?

ఆరు నెలల తరువాత అదే సంఘము మరల ప్రయత్నించినది. ఈసారి జరిమానా మాట ఎత్తలేదు. ఇద్దరు పింఛనుదారులు టేపు పట్టుకొని వీధి కొలిచిరి. కార్ల లెక్క రాత్రి పదకొండు గంటలకు ఒకసారి, తెల్లవారుజామున అయిదు గంటలకు ఒకసారి తీసిరి. ఆ రెండు వేళలనే ఏ కారు అచ్చట నివసించునదో, ఏది వచ్చిపోవునదో తెలియును. ఏ ఇంట స్టిల్టు ఖాళీగ నున్నదో, ఏ ఇంట సామానుతో నిండినదో వ్రాసిరి. ఆ పట్టికను పేర్లు లేక, ఇంటి సంఖ్యలతో మాత్రమే సర్వసభ్య సమావేశమున చదివిరి. అద్దెదారులను సైతము పిలిచిరి. చాల సంఘములలో వారికి ఓటు లేదు, కాని కారు వారికిని కలదు, గుండెనొప్పి వారికిని వచ్చును. ఆ పట్టిక వినిన తరువాత ఎవ్వరును పెద్దగా వాదింపలేదు. అంకెలు తిట్టవు, పక్షపాతము చూపవు.

అప్పుడు చేసిన నియమములు అయిదు మాత్రమే. వీధికి ఒక ప్రక్కనే నిలుపవలెను. ఆ ప్రక్క ఆరు నెలల కొకసారి మారవలెను, లేనిచో ఒక ప్రక్కవారికే ఎల్లప్పుడు కష్టము. మలుపునుండి కారు పొడవంత దూరమున ఏ బండియు నిలుపరాదు. కాలిబాటపై చక్రము మోపరాదు. ప్రతి కారు అద్దము వెనుక యజమాని ఫోను నంబరు ఉండవలెను, అతిథుల కార్లకు సైతము ఆతిథ్యమిచ్చినవారి నంబరు వ్రాసిన చీటి గేటు దగ్గర ఈయబడును. స్టిల్టులో చోటున్నవారు వీధిని వాడుటకు ముందు దానిని నింపవలెను. అమలు చేయు విధానము సైతము మెట్లు మెట్లుగ నుండెను. మొదట చీటి, తరువాత ఫోను, ఆ తరువాత కార్యదర్శి స్వయముగ ఇంటికి పోయి కాఫీ త్రాగుచు మాటలాడుట, చివరకు పోలీసులకును పురపాలక సంస్థకును తేదీలతో, ఫోటోలతో వ్రాతమూలకమైన ఫిర్యాదు. ఆ చివరి మెట్టు ఎక్కవలసిన అవసరము సంవత్సరములో రెండుసార్లు మాత్రమే కలిగినదని విన్నాను. కారణము స్పష్టము. మొదటి రోజు రాత్రి కార్యవర్గ సభ్యులందరును తమ కార్లను తామే సర్దుకొనిరి. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనను మన పెద్దల మాట వారు పాటించిరి.

ఇందులో నేను ప్రత్యేకముగ నొక్కి చెప్పదలచిన సంగతులు మూడు.

మొదటిది చౌకీదారును గురించి. నియమము మనము చేసి, అమలు మాత్రము అతనికి అప్పగింతుము. నెల జీతముపై బ్రదుకు ఆ మనుష్యుడు లక్షల విలువగల కారులో వచ్చు యజమానిని ఆపవలెను. ఆపినచో తిట్లు, ఆపకున్న ఉద్యోగము పోవును. ఏ ఆఫీసులోను క్రింది ఉద్యోగికి బాధ్యత ఇచ్చి అధికారము ఈయకుండుట మంచి పరిపాలన యనిపించుకొనదు. చౌకీదారు పని చూచి పుస్తకములో వ్రాయుట వరకే. మాటలాడవలసినవాడు కార్యదర్శి. ఈ యొక్క మార్పు చేసినను కాలనీలో సగము అవమానములు తగ్గును.

రెండవది మినహాయింపులను గురించి. రాత్రి విధులకు పోవు డాక్టరు, నర్సు, వికలాంగుడు, మంచముపట్టిన తల్లిగల ఇల్లు, వీరికి గుమ్మము దగ్గర చోటు ఈయవలెను. టాక్సీ నడిపి పొట్ట పోసికొనువాని కారు మనకు అడ్డముగ కనబడును గాని, అతనికి అది పొలము వంటిది. వాణిజ్య వాహనములకు వేరు నియమములు కలవు. వానిని అతనికి మర్యాదగ తెలిపి, దగ్గరలోని అనుమతింపబడిన పార్కింగు స్థలమును చూపించుట సంఘపు ధర్మము. మినహాయింపులు కాగితముపై ముందుగనే ఉండవలెను. చాటున అడిగినవానికి చాటున ఇచ్చు మినహాయింపే పక్షపాతమని పేరు పొందును.

మూడవది సర్కారు క్వార్టర్లలో నుండు మనవంటివారిని గురించి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల నివాస కాలనీలకు ఏరియా వెల్ఫేర్ ఆఫీసర్లను నియమించు పద్ధతి కలదు. వారి ద్వారా ఈ సమస్యను కేంద్ర పబ్లిక్ వర్క్స్ శాఖ దృష్టికి క్రమముగ తేవచ్చును. సరోజినీ నగర్, నేతాజీ నగర్ మొదలగు ఏడు కాలనీల పునర్నిర్మాణమునకు 2016లో కేంద్ర మంత్రివర్గ మామోదించినది. క్రొత్త మేడలలోనికి మారువారు ఇచ్చట ఇరుకు లేదుగదా, నియమములతో పనియేమి యని తలంపరాదు. ప్రతి ఇంటికి రెండవ కారు వచ్చిన నాడు ఆ విశాలత్వమును ఇరుకగును. తగవు పుట్టకముందు చేసిన నియమము అందరికి న్యాయముగ తోచును, తగవు పుట్టిన తరువాత చేసినది ఎవరో ఒకరికి వ్యతిరేకముగ తోచును. కాలనీలో అడుగుపెట్టిన మొదటి నెలయే నియమము చేయుటకు శుభముహూర్తము.

హోదాను గురించి యొక మాట. మన ఉద్యోగులలో అధికారి కారునకు తావు వేరు, సామాన్యుని కారునకు తావు వేరు అను అలవాటు ఆఫీసు ఆవరణనుండి ఇంటి వీధి వరకు వ్యాపించినది. ఆఫీసు ఆవరణలో పేరు వ్రాసిన పలక క్రింద కారు నిలుపుట పదవికి సంబంధించినది. వీధిలో ఆ పలక లేదు. జాయింట్ సెక్రటరీకైనను, లోయర్ డివిజన్ క్లర్కునకైనను ఆ ఆరు మీటర్లలో సమాన హక్కు. ఈ సంగతి మనవంటి అధికారులు అంగీకరించిననాడు కాలనీలో సగము నియమములు వాటంతట అవియే అమలగును.

చివరగ మన సంఘమును గురించియు విన్నవించెదను. ఉగాదికి, సంక్రాంతికి, త్యాగరాజ ఆరాధనకు మనము సమావేశమగుదుము. ఆ రాత్రులలో సభామందిరము చుట్టునున్న వీధులు ఎవరివి? అచ్చటను నివాసులు కలరు, వృద్ధులు కలరు. వారు తెలుగువారు కానంత మాత్రమున వారి గుమ్మము మన పార్కింగు స్థలము కాదు. ఢిల్లీలో మెట్రో రైలు 2002 డిసెంబరునుండి నడచుచున్నది. నగరపు నలుమూలలనుండి దానిలో రావచ్చును. రాలేనివారు నలుగు రొక కారులో రావచ్చును. వచ్చు ఉగాది ఆహ్వానపత్రికలో సమీప మెట్రో స్టేషను పేరును, కార్లు నిలుపవలసిన చోటును ముద్రింపవలెననియు, ఆ రాత్రి మలుపులయందు ఇద్దరు సభ్యులు నిలిచి దారి చూపవలెననియు కార్యవర్గమునకు నా ప్రతిపాదన. ఆ ఇద్దరిలో ఒకనిగ నన్ను వ్రాసికొనుడు.

కాలనీ సంఘమునకు పోలీసు లాఠీ లేదు, మేజిస్ట్రేటు ముద్ర లేదు. దానికి ఉన్నది సభ్యుల సమ్మతి యొక్కటే. ఆ సమ్మతి వీధిని కొలిచి, అందరిని పిలిచి, నియమమును ముందు తన కారునకు వర్తింపజేసికొనినవానికి లభించును. అది లభించిన సంఘము వీధిలో నాలుగు మీటర్ల దారిని ఖాళీగ ఉంచగలదు. ఏ రాత్రి ఆ దారి ఎవరికి అవసరపడునో మనకు తెలియదు. కావుననే అది ప్రతి రాత్రియు తెరచి యుండవలెను.

 ఇపుడు మీ మీ కాలనీల అనుభవములను వినగోరుచున్నాను.